అవెరోను బాలుడును అతని గురువులును

నేను ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన తొలినాళ్ళలో నా తరగతిలో ఒక బాలుడుండెడివాడు. పేరు చెప్పను. వయస్సు పదేండ్లు. మాట తడబడును; అక్షరములు పదింటికి మించి గుర్తులేవు; చొక్కా గుండీలు ఎవరో ఒకరు పెట్టవలసినదే. తోటిపిల్లలు నవ్వుదురని నేను వానిని వెనుక వరుసలో కిటికీప్రక్కను కూర్చుండబెట్టితిని. కొట్టలేదు, తిట్టలేదు, ప్రశ్నయు అడుగలేదు. ఇదియే దయ యని నా నమ్మకము. ఒకనాటి సాయంకాలము వాని తల్లి పొలమునుండి తిన్నగా బడికి వచ్చి, గడపవద్దనే నిలిచి, "మాస్టారండీ, మావోణ్ణి మీరు కొట్టరు, తిట్టరు. మంచోరే. కానీ అందర్నీ అడిగినట్టు వాణ్ణి ఒక్క మాటైనా అడగరేమండీ?" అనెను.

మరునాడు నేను వానిని అడిగితిని. నల్లబల్లపై ఒక అక్షరము వ్రాసి "ఇదేమి?" యంటిని. వాడు బల్లవంక చూచెను, నావంక చూచెను, ఏడ్చెను. అంతటితో మరల అడుగుట మానితిని. అడుగవలెనని ఆ తల్లి చెప్పినది; ఎట్లు అడుగవలెనో నాకెవ్వరును చెప్పలేదు. ఆ ప్రశ్ననే తమ జీవితములో పెద్దభాగము వేసికొనిన ముగ్గురి చరిత్రను నేను బహుకాలమునకు గాని చదువలేదు. ముగ్గురును వైద్యశాస్త్రము చదివినవారే, బడిపంతుళ్ళు కారు. వారి కథయే ఈనాటి నా ప్రసంగము.

1800 జనవరిలో, ఫ్రాన్సుదేశపు దక్షిణభాగమున అవెరోను మండలములోని సేంట్-సెర్నిన్ గ్రామమునకు ఒక బాలుడు అడవినుండి వచ్చెను. వయస్సు సుమారు పండ్రెండేండ్లు. మాటలేదు. ఒంటినిండ గీట్లు, గాట్లు. కంఠముమీద ఒక పొడవైన మచ్చ. చిన్ననాడు ఎవరో గొంతుకోసి అడవిలో విడిచిపోయి యుందురని ఆ మచ్చనుబట్టి ఊహించిరి. అంతకు రెండుమూడేండ్లకు ముందునుండియు ఆ ప్రాంతపు అడవులలో వీడు దుంపలు, కాయలు ఏరుకొనుచు తిరుగుట జనులు చూచియుండిరి, పట్టుకొనిన తప్పించుకొనిపోయెడివాడు. అదే సంవత్సరమున వేసవికాలములో వానిని పారిసునగరమునకు తెచ్చి, మూగచెవిటివారి జాతీయ విద్యాలయములో ఉంచిరి.

విప్లవము జరిగిన పిమ్మట ఫ్రాన్సుదేశము మానవుని సహజస్వభావమేమో తెలిసికొనవలెనని ఉవ్విళ్ళూరుచున్న కాలమది. నాగరకత సోకని మానవుని కన్నులార చూడవచ్చునని పారిసు జనులు గుంపులుగా వచ్చిరి. చూచినదేమి? ముందునకు వెనుకకు ఊగుచు, ఎవరివంకను చూడక, కరచుచు, గీరుచు, మలమూత్రముల ధ్యాసలేక యున్న ఒక బిడ్డను. కొలదిదినములలో గుంపులు పలచబడెను. పిచ్చివారి సంకెళ్ళు తీయించినవాడని పేరుపడిన పినెల్ మహాశయుడు వానిని పరీక్షించి, వీడు పుట్టుజడుడు, చదువుచెప్పి బాగుచేయుట సాధ్యముకాదని తేల్చెను. ఆ కాలమున 'ఇడియట్' అనునది తిట్టుకాదు, వైద్యుల పుస్తకములలోని మాట. తరువాత అది తిట్టుగా మారెను. దానికి బదులుగా తెచ్చిన మాటలును ఒక్కొక్కటిగా తిట్లుగానే మారెను. పేరు మార్చుట సులభము, చూపు మార్చుట కష్టము గనుక నేమో!

ఆ విద్యాలయమున వైద్యుడుగా నియమింపబడిన ఇటార్ అను యువకుడు పినెల్ తీర్పును అంగీకరింపలేదు. 1774లో పుట్టినవాడు, అప్పటికి ఇరువదియారేండ్లవాడు. మానవుల సాంగత్యము లేక ఈ బుద్ధి మొద్దువారినదేగాని లేకపోలేదని అతని వాదము. ఇద్దరిలో ఎవరిది నిజమో పండితులు నేటికిని చర్చించుచునే యున్నారు. బాలుడు పుట్టుకతోనే ఏదో లోపముగలవాడగుటచేతనే విడువబడెనని కొందరు, ఆటిజమని నేడు పిలుచు స్థితియని కొందరు అందురు. నాకు ముఖ్యముగా తోచినది అదికాదు. బాగుపడునని ఋజువైన పిమ్మట పాఠము మొదలుపెట్టెదననక, ఇటార్ పాఠము మొదలుపెట్టెను.

మొదటి పాఠము ఏమనుకొన్నారు? అక్షరము కాదు. స్నానము. ఈ బాలునకు చలి, వేడి తెలియవు. మండుచున్న నిప్పులలోనుండి బంగాళాదుంపను వట్టిచేతితో తీసికొనును. ప్రక్కను పిస్తోలు ప్రేల్చిన తిరిగిచూడడు, కాని వెనుకగదిలో ఎవరైన అక్రోటుకాయ చిట్లగొట్టినచో ఆ చప్పుడు విని గిఱ్ఱున తిరుగును. చెవి చెవిటిది కాదు. తనకు పనికివచ్చిన చప్పుడే వినుచున్నదని ఇటార్ గ్రహించెను. దినదినము గంటలతరబడి వేడినీటి స్నానములు చేయించెను. కొన్ని నెలలకు బాలుడు నీటిలో వ్రేలుంచి, చల్లగానుండిన దిగననుట మొదలుపెట్టెను. తడిసిన పక్కపై పరుండుట మానెను. కన్నులకు గంతకట్టి, డప్పు చప్పుడును గంట చప్పుడును వేరుపరచుట నేర్పెను. 'ఓ' అను ధ్వనికి వాడు తల త్రిప్పుట చూచి, ఆ ధ్వనిగల విక్టర్ అను పేరు పెట్టెను. వెండిగిన్నెలు బోర్లించి, ఒకదానిక్రింద వేయించిన కాయ దాచి, గిన్నెలను అటునిటు జరిపి, ఏదని అడుగుట ఒక ఆట. తినుబండమునకై మొదలైన ఆ ఆట, కొన్నాళ్ళకు తినరాని వస్తువు పెట్టినను సాగెను. ఉపాధ్యాయులైన శ్రోతలు ఈ చిన్న సంగతిని గమనింపగోరెదను.

అక్షరముల విషయము మరింత చిత్రమైనది. కత్తెర, తాళపుచెవి, సుత్తి మొదలగువాని బొమ్మలు నల్లబల్లపై వ్రాసి, ఆయా బొమ్మక్రింద ఆయా వస్తువును తగిలించుట విక్టర్ త్వరలోనే నేర్చెను. అంతట ఇటార్ ఆ వస్తువుల పేర్లు వ్రాసి చూపగా విక్టరుకు ఏమియు బోధపడలేదు. బొమ్మనుండి అక్షరమునకు దూరమెంతో ఇటారుకు అప్పుడు తెలిసెను. పిల్లవాని నిందింపక తానే వెనుకకు తగ్గెను. ఎఱ్ఱని వృత్తము, నీలి త్రిభుజము, నల్లని చతురస్రము అట్టలుగా కత్తిరించి జతపరుపుమనెను. పిమ్మట ఒకే రంగు, వేరువేరు ఆకారములు. ఆ పిమ్మట గళ్ళపెట్టెలో లోహపు అక్షరములు. అక్షరములను తీసి మరల ఏ గడిలోనిది ఆ గడిలో పెట్టవలెను. విక్టర్ ఒక ఉపాయము కనిపెట్టెను: తీయునపుడే వరుసతప్పకుండ పేర్చుకొని, పెట్టునపుడు ఆ వరుసలోనే పెట్టివేసెను. గుర్తుపట్టవలసిన శ్రమయే లేదు! జడుడని రాజధానిలోని వైద్యశిఖామణి తీర్మానించిన బాలుడు గురువునే బురిడీ కొట్టించెను.

పాలకు ఫ్రెంచి భాషలో 'లే' యందురు, వ్రాతలో నాలుగక్షరములు. విక్టర్ ఆ మాటను నోట పలికెను గాని, పాలు చేతికందిన పిమ్మట సంతోషముతో పలికెడివాడు. కావలెనని అడుగుటకు కాదు. ఇటార్ నిరాశపడెను. అయినను లోహపు అక్షరములతో ఆ మాటను కూర్చుట నేర్పెను. ఒకనాడు విక్టర్ తనకు అలవాటుగా పాలిచ్చు పరిచితుల యింటికి పోవుచు, ఎవరును చెప్పకయే ఆ నాలుగక్షరములను జేబులో వేసికొనిపోయి, అచటి బల్లపై వరుసగా పేర్చి చూపెను. నోరు చేయలేని పనిని చేయి చేసినది.

ఇటార్ 1801లోను, 1806లోను రెండు నివేదికలు వ్రాసెను. రెండవదానిలోని ఒక ఘట్టము నాకు కంఠస్థమైనట్లు నిలిచియున్నది. పుస్తకము అని వ్రాసిన చీటి చూపినచో విక్టర్ ప్రక్కగదిలోని పుస్తకమును తెచ్చెడివాడు. ఒకనాడు ఆ గదికి తాళమువేసి, ఎదుటనే వేరొక పుస్తకముండగా ఆ చీటిని చూపెను. విక్టర్ వెదకెను, తడుముకొనెను. ఎదుటనున్న పుస్తకమును ముట్టలేదు. ఇటార్ సహనము నశించెను. తన శ్రమయంతయు వ్యర్థమైనదనియు, నీవు నీ అడవికే పొమ్మనియు, వినగలవానితో పలికినట్లు కఠినముగా పలికెను. చూచుచుండగనే బాలుని కన్నుల నీరు నిండెను. ఎదపొంగి వెక్కివెక్కి ఏడ్చెను. అప్పుడు ఇటార్ ఆలోచనలో పడెను. తాను ఎల్లప్పుడు ఆ ఒక్క పుస్తకమునే చూపుచుండెను. కనుక బాలుడు ఆ మాటను దాని సొంతపేరనుకొనెను. రామయ్య యన్న పేరు ఒక మనిషిదే గాని మనుష్యులందరిదికాదు గదా! తప్పు పాఠములోనున్నది, పిల్లవానిలో లేదు. ఈ ఒక్కమాట అచ్చులో ఒప్పుకొనిన ఉపాధ్యాయులు చరిత్రలో ఎందరున్నారో నేనెఱుగను. నా తరగతిలో నల్లబల్లవంక చూచి ఏడ్చిన బాలుని కన్నులు నాకు ఈ పుటలు చదువునపుడు కనబడినవి.

ఇటారును దేవునిగా చేయుట నా ఉద్దేశము కాదు. పాఠములకు విసిగి మొండితనము చేయుచున్న విక్టరును ఒకసారి అతడు మేడమీది కిటికీలోనుండి తలక్రిందులుగా వ్రేలాడవేసి భయపెట్టెను. దీనిని దాచక తానే వ్రాసెను. మరియొకసారి, బాలునకు న్యాయాన్యాయములు తెలియునో లేదో పరీక్షించుటకై, పాఠము చక్కగా అప్పగించినవేళనే కావలెనని కోపము నటించి, శిక్షగదిలోనికి ఈడ్చెను. ఎన్నడును అట్టి శిక్షకు ఎదురుతిరుగని విక్టర్ ఆనాడు అతని చేయి కరచెను. అన్యాయమును గుర్తించెను గనుక వీడు సంపూర్ణమానవుడని ఇటార్ పరమానందపడెను. ఆ ఆనందములో నేను పాలుపంచుకొనలేను. ఆ పరీక్ష విక్టరుకు అవసరమైనది కాదు. ఇంకొక లోపము మరింత పెద్దది. ఆ విద్యాలయమునిండ చేతిసైగలతో సంభాషించు పిల్లలుండిరి. విక్టర్ తానే గిన్నె చూపి పాలు, చేయిపట్టి లాగి షికారు అడుగుచుండెను. సైగలభాష ఎదుటనుండగా ఇటార్ నోటిమాటయే మాటయని పట్టుబట్టి, సైగలు నేర్పకపోయెను. దయ యున్నది, శ్రద్ధ యున్నది. అయినను తనకు ప్రియమైన సిద్ధాంతము గురువు కన్నులకు గంతకట్టగలదు.

ఈ కథలో సగము వేరొకరిది. విక్టరుకు అన్నముపెట్టుటకు, ఒడలు కడుగుటకు, షికారు త్రిప్పుటకు నియమింపబడినది శ్రీమతి గెరెన్ అను గృహిణి. ఇటార్ తన నివేదికలలో ఆమె ఓర్పును మనసార కొనియాడెను. భోజనపుబల్లపై అందరికిని పళ్ళెములు అమర్చుట విక్టర్ పని. ఆమె భర్త జబ్బుపడి మరణించిన దినమున విక్టర్ యథాప్రకారము ఆయన చోటనుకూడ పళ్ళెము పెట్టెను. అది చూచి ఆమె దుఃఖమాపుకొనలేకపోయెను. విక్టర్ ఆమెవంక చూచి, మెల్లగా ఆ పళ్ళెము తీసి అలమరలో పెట్టెను. మరల ఎన్నడును ఆ చోట పెట్టలేదు. ఇది ఏ గళ్ళపెట్టెయు నేర్పినదికాదు. 1806 తరువాత ఇటార్ పాఠములు ఆగిపోయెను. ప్రభుత్వము ఏటికి 150 ఫ్రాంకులు ఇచ్చునట్లు ఏర్పాటుచేయగా, విద్యాలయము సమీపముననే ఒక చిన్నయింట ఆమె విక్టరును 1828లో అతడు మరణించువరకు పోషించెను. నివేదికలు వ్రాసినది ఆరేండ్ల గురువు. ఇరువదియేడేండ్లకుపైగా కనిపెట్టుకొనియున్నది ఆ తల్లి.

విక్టర్ మాటలాడలేదు గనుక తాను ఓడినాననియే ఇటార్ అనుకొనెను. కాని 1837లో, అతని చివరిదినములలో, ఎడ్వర్డ్ సెగెన్ అను యువకుడు అతని సలహాలు తీసికొనుచు ఒక మందబుద్ధియైన బాలునకు చదువుచెప్ప మొదలిడెను. మరుసటి సంవత్సరమే ఇటార్ మరణించెను. ఒక్క బాలునికై చేసిన పనిముట్లు సెగెన్ చేతిలో అనేకులకు పనికివచ్చెను. పారిసులోని బిసెత్ర్ ఆసుపత్రిలో అతడు, అంతవరకు మూలలయందు కూర్చుండి కాలముగడుపు పిల్లలను నిలువబెట్టెను. బుద్ధినుండి చేతికికాదు, చేతినుండి బుద్ధికి పోవలెనని అతని మతము. నడక, నిచ్చెన ఎక్కుట, బంతి పట్టుట, గుండీ పెట్టుట, తాడు ముడివేయుట - ఇవియే అతని ఓనమాలు. అధికారులతో పొసగక 1843లో ఆ ఉద్యోగము పోయెను. 1846లో తన పద్ధతిని పెద్దగ్రంథముగా ప్రకటించెను. 1848 విప్లవమునకు తరువాత అమెరికాకు వలసపోయి, అచట ఇట్టి విద్యాలయముల స్థాపనకు తోడ్పడి, 1866లో ఆంగ్లమున రెండవ గ్రంథము వ్రాసి, 1880లో మరణించెను.

మూడవవ్యక్తి పేరు మీరందరును విన్నదే. కాని ఈ సందర్భమున విని యుండరు. 1896లో రోమునగరమున వైద్యపట్టమునొందిన మరియా మాంటిస్సోరి, అచటి విశ్వవిద్యాలయపు మనోవ్యాధి చికిత్సాలయమున పనిచేయుచు, పిచ్చివారి ఆశ్రమములలో వారితోకలిపి ఉంచబడిన పిల్లలను చూచెను. భోజనమైన పిమ్మట నేలపై రొట్టెముక్కలకై ప్రాకుచున్నారని ఆయా అసహ్యించుకొనెననియు, ఆ గదిలో చేత పట్టుకొనుటకు మరి యే వస్తువును లేదని మాంటిస్సోరి గమనించెననియు ఆమె చరిత్రకారులు చెప్పుదురు. ఆమె ఇటార్, సెగెనుల గ్రంథములను ఇటలీభాషలోనికి తన చేతితో మొదటినుండి తుదివరకు వ్రాసికొనెను. ప్రతిమాటను తూచి చూచుటకు తీరిక దొరకునని. 1900 నుండి రెండేండ్లు రోములో ఇట్టి బాలుర ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చు పాఠశాలను మరియొక వైద్యునితో కలిసి నడపి, ఉదయము ఎనిమిదింటినుండి రాత్రి ఏడింటివరకు తానే పిల్లలకు చెప్పుచుండెను. వారిలో కొందరు చదువను వ్రాయను నేర్చి సామాన్య బాలురతోపాటు ప్రభుత్వపరీక్షలో కృతార్థులైరి. లోకమంతయు ఆశ్చర్యపడుచుండగా, ఆరోగ్యవంతులైన పిల్లలు బడులలో ఎందుకు ఇంత తక్కువగా నేర్చుచున్నారని ఆమె ఆశ్చర్యపడెను.

ఆమె చెప్పిన ఒక దృష్టాంతము. ఒక బాలికకు సూదిపని ఎంత చూపినను రాలేదు. మాంటిస్సోరి సూదిని ప్రక్కనబెట్టి, కాగితపు పట్టీలను పైనొకటి క్రిందనొకటిగా దూర్చి అల్లు చాపపని చేతికిచ్చెను. బాలికకు అది నచ్చెను. కొంతకాలమునకు మరల సూది నీయగా ఆ బాలిక తనంతతానే కుట్టగలిగెను. చేయవలసిన కదలిక ముందుగా చేతికి అలవడినది; పని తరువాత వచ్చినది. మన సాలెయిండ్లలో పసిపిల్లలకు మగ్గము నీయకముందు దారపుకండెలు చుట్టనిత్తురు గదా, ఆ సంగతి ఎవరును గ్రంథముగా వ్రాయలేదు.

మాటలు నేర్పుటకు సెగెన్ వాడిన మూడు మెట్ల పాఠమును ఆమె అనుసరించెను. మొదట, రెండు వస్తువులు చూపి, "ఇది ఎఱుపు, ఇది నీలము" అని చెప్పవలెను. రెండవది, "ఎఱుపు ఏది? చూపు" అనవలెను, ఇచట బిడ్డ మాటలాడనక్కరలేదు, వ్రేలు చూపిన చాలును. ఈ మెట్టుమీద ఎన్నిదినములైనను ఆగవచ్చును. మూడవది, "ఇదేమి?" అని అడుగవలెను. రెండవ మెట్టులో తప్పినచో దిద్దక, నవ్వి, పాఠము ఆ దినమునకు ముగింపవలెను. నేను చదివిన శిక్షణకళాశాలలో ఈ మూడు మాటలు చెప్పుటకు పదినిమిషములు చాలియుండును.

1907 జనవరి 6వ తేదీన రోమునగరపు పేదలపేటలో సామాన్యశిశువులకు ఆమె తెరచిన బాలగృహము జగత్ప్రసిద్ధము. 1939 ఆఖరున మదరాసులోని అడయారు దివ్యజ్ఞానసమాజమున ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చుటకు వచ్చి, యుద్ధముచే ఇటలీదేశస్థురాలగుటవలన నిర్బంధమునకు లోనై, 1946 వరకు ఈ దేశముననే నిలిచిపోయెను. అప్పటికి మన ఆంధ్రజిల్లాలు మదరాసు రాజధానిలోనివే. ఆమె పేరు పెట్టుకొనిన బడులు తరువాత ఊరూర వెలసినవి. ఆ బడులలోని చట్రములు, అచ్చులు, గరుకు అక్షరములు ఏ బిడ్డలకొరకు మొదట పుట్టినవో ఆ బిడ్డలకు వానిలో పెక్కింటి వాకిళ్ళు చాలకాలము తెరువబడలేదు. ఇంతకంటె వింత విద్యాచరిత్రలో నాకు కనబడలేదు.

మన ప్రాంతమున ఈ విద్యకు ఒక నెలవు ఏర్పడుట 1984లో. ఆ సంవత్సరము సికిందరాబాదులో మానసిక వికలాంగుల జాతీయసంస్థ స్థాపింపబడెను. దాని పేరు తరువాత మారెను. గుండీ పెట్టుట అను ఒక్కపనిని పట్టుకొనుట, దూర్చుట, లాగుట అని చిన్నచిన్న అంచెలుగా విడదీసి, ఒక్కొక్క బిడ్డకు వేరువేరుగా పాఠక్రమము వ్రాయుట ఇట్టి శిక్షణలో భాగము. 1992లో వచ్చిన పునరావాస మండలి చట్టము, ఈ బోధకులు శిక్షణపొంది పట్టికలో పేరు నమోదు చేసికొనినవారై యుండవలెనని విధించెను. వైద్యమునకువలె దీనికిని చదువు కావలెనని, మంచిమనసు ఒక్కటియే అర్హత కాదని, చట్టము ఒప్పుకొనుటకు విక్టర్ అడవినుండి వచ్చిన తరువాత నూటతొంబదిరెండేండ్లు పట్టినది.

ఆ చట్టము రాకముందే నా తరగతిలోని బాలుడు పెద్దవాడైపోయెను. వాని తల్లి అడుగుమన్నపుడు నేను అడిగినది మూడవ మెట్టు ప్రశ్న. "ఇది అ" అని నేను వానికి విడిగా చెప్పియుండలేదు; "అ ఏది, చూపు" అని యుండలేదు. ఎత్తున నిలిచి, మెట్లు లేనిచోటికి రమ్మంటిని. మరుసటి సంవత్సరము వాడు బడికి రాలేదు. హాజరుపట్టీలో వాని పేరుమీదుగా నేను ఎఱ్ఱసిరాతో గీచిన గీత నాకు ఇప్పటికిని జ్ఞాపకమున్నది.